తుమ్ము ఆగిన రాజ్యం

ధవళేశ్వరం,
28 జూన్ 1998, ఆదివారం.

మహాలక్ష్మీ సమానురాలు, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల పట్టపురాణి, మా అక్క సత్యకుమారి గారి సముఖానికి,

తమ్ముడు గణేష్‌బాబు నేల మీద బోర్లా పడి చేసుకుంటున్న విన్నపం. బోర్లా పడడం వినయం కొద్దీ కాదు, మంచం మీద నాన్నగారు పడుకున్నారు. ఇక్కడ అంతా క్షేమం. నాన్నగారి మోకాలూ మన ఇంటి దూలాలూ వాన పడితే ఒకే శ్రుతిలో మూలుగుతున్నాయి. బావగారికి నా నమస్కారాలు. ఆయన పంపిన చేతి గడియారం బ్రహ్మాండంగా నడుస్తోంది, కాకపోతే వెనక్కి.

నీ మరదలు పావని ఆషాఢానికి పుట్టింటికి వెళ్ళింది. నెల ఇంకా పుట్టకముందే, సోమవారం పొద్దున్నే, మావయ్య అచ్చిబాబుగారు కారు మాట్లాడుకుని వచ్చి కూతుర్ని ఎక్కించుకున్నారు. కొత్తల్లుడు ఆషాఢంలో అత్తగారి గడప తొక్కకూడదట. అత్తా అల్లుడూ ఒకే గడప దాటితే ఎవరో ఒకరికి ప్రాణం మీదికొస్తుందట. ఎవరికి అన్నది శాస్త్రం తేల్చలేదు గనక ఇద్దరం జాగ్రత్తగా ఉంటున్నాం. బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా కాలువగట్టు పట్టుకుని పోతే ఆత్రేయపురం నాన్నగారి లూనా మీద కూడా గంట ప్రయాణం లేదు. అయినా నాకు అది ఏడు సముద్రాల అవతల ఉన్నట్టే.

నేనేం గీస్తున్నానని నాన్నగారిని అడిగావట. ఆయన్ని అడిగితే "లైను బాగుంది" అంటారు. ముప్ఫై ఏళ్ళు ఇరిగేషన్ ఆఫీసులో కాలువల ప్లాన్లు ట్రేసింగ్ చేసిన మనిషికి బొమ్మలో కథ కనపడదు, గీత వణికిందా లేదా అన్నదే కనపడుతుంది. కాబట్టి నేనే చెప్తాను. అది పిల్లల కోసం బొమ్మల కథ. ఒక్క పుస్తకం, ఒక్కటే కథ, మొదటి పేజీ నుంచి చివరిదాకా బొమ్మలూ మాటల బుడగలూ. శుభలేఖల ప్రెస్సులో వినాయకుడి బొమ్మలు గీసే ఉద్యోగంలో, మూషికానికి మీసాలు గీసే పని కూడా తగలని ఖాళీ రోజుల్లో, కూర్చుని గీశాను.

కథ ఇది. నాసికాభూషణ మహారాజుగారికి నిండు సభలో తుమ్ము వచ్చింది. వచ్చి సగంలో ఆగిపోయింది. కళ్ళు మూసి, నోరు తెరిచి, ముక్కు పైకెత్తి ఆయన అలాగే ఉండిపోయారు. తుమ్ము వస్తోందంటే ఎవరూ గడప దాటకూడదు, పని మొదలుపెట్టకూడదు కదా. దాంతో రాజ్యమంతా ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని నిలబడ్డాడు. దొంగ గోడ ఎక్కి కూర్చున్నాడు, కింద భటుడు వాడి కాలు పట్టుకుని ఆగాడు, ఇద్దరికీ స్నేహం కలిసింది. మంత్రిగారు 'చిరంజీవ' అందామని నోరు తెరిచి అన్నం తినడం మర్చిపోయారు. మిగతా సగం తుమ్మును వెతికి తేవడానికి పొట్లవీరుడనే కుర్రాడు బయల్దేరతాడు. వాడి వాహనం గంగాభవాని అనే గేదె, దానికి నీళ్ళంటే భయం. దారి చూపేది సత్యవ్రతుడనే కొంగ, అది అబద్ధం తప్ప ఆడదు.

ఆఖరి నాలుగు పేజీలు తప్ప అంతా అయింది. తుమ్ము ఎలా వస్తుందో మాత్రం నాకే తెలియదు. విజయవాడలో పిల్లల పుస్తకాలు వేసే సంపూర్ణమ్మ గారికి మొదటి పేజీలు పంపితే ఆవిడ జాబు రాశారు: "మా వీధి పిల్లలకి చదివించానండి. ఒకడు నవ్వలేక కింద పడ్డాడు. మొత్తం జూలై ఆఖరులోగా పంపితే దసరా సెలవులకి వేద్దాం."

శుభవార్త అని గెంతకు. పుస్తకం పంపడం లేదు. శ్రావణం రాగానే రావులపాలెంలో మావయ్యగారి అరటిగెలల వ్యాపారంలో చేరుతున్నాను. ఆయనే అడిగారు. నేను ఆలోచించుకుని చెప్తానన్నాను, ఆలోచించేశాను. కారణాలు ఏమీ లేవు. గెల తింటే కడుపు నిండుతుంది, గీత తింటే నిండదు.

ఇట్లు,
కాబోయే కదళీ వర్తకుడు,
గణేష్‌బాబు.


ధవళేశ్వరం,
7 జూలై 1998.

అక్కా,

నీ కార్డు అందింది. పోస్టుకార్డు మీద తిట్లు రాయకూడదని బావగారు నీకు చెప్పలేదా? పోస్ట్‌మాన్ అప్పాజీ వీధి మొదట్నించీ చదువుకుంటూ వచ్చి, నా చేతికిచ్చి, "మీ అక్కగారు అడిగింది న్యాయమేనండి, కోతివేషాలు మాని కారణం చెప్పేయండి" అన్నాడు. ఊరంతా అడుగుతోంది గనక చెప్తున్నాను.

ముందు రావులపాలెం ముచ్చట. మొన్న ఆదివారం మావయ్యగారు వ్యాపారం చూపిస్తానంటే వెళ్ళాను. యార్డుకి గడప లేదు గనక, ఆషాఢం దోషం లేదు. అబ్బో, ఎటు చూసినా గెలలే. సైకిళ్ళకి అటూ ఇటూ కట్టుకుని తెస్తున్నారు, సైకిల్ కనపడదు, మనిషి కనపడడు, అరటితోట నడిచి వస్తున్నట్టుంటుంది. చక్కెరకేళీ, కర్పూరం, కూరరకం వరసలుగా పరిచి ఉన్నాయి. మావయ్యగారు ఒక్క చేత్తో గెల తిప్పి, "ఇది లంక సరుకు, ఇది చేలో సరుకు" అని చెప్పేస్తున్నారు. నన్ను అందరికీ పరిచయం చేస్తున్నారు: "మా అల్లుడుగారండి. బీకాం అండి."

అంతటితో ఊరుకుంటే పోయేది. ఒక రైతు వాడిపోయిన గెల ఒకటి దింపాడు. నా నోరు ఊరుకోక, "ఏవండీ, ఇది గెలా, ఓడిందా?" అన్నాను. నలుగురు నవ్వారు. రైతు నవ్వలేదు. "నా కాయ మీకు నవ్వులాటగా ఉందా?" అని సైకిలు తిప్పుకుని ఎదురు కొట్టుకి పోయాడు. వాడి వెనకాలే వాడి తమ్ముడూ బావమరిదీ పోయారు, ముగ్గురి సైకిళ్ళూ నిండుగా ఉన్నాయి. మావయ్యగారు తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఎండగా ఉందండి" అన్నారు. అప్పుడు వాన పడుతోంది.

ఇక కారణం. ఇప్పుడు రాసేది బావగారికి చూపించకు.

పావని నవ్వదు అక్కా.

మేలో పెళ్ళయింది. ఆషాఢానికి వెళ్ళేదాకా మా ఇంట్లో ఉంది. ఆ రోజుల్లో నేను ఎన్ని కుప్పిగంతులు వేశానో నీకు తెలియదు. తలంబ్రాలప్పుడు మొదలుపెట్టాను. పంతులుగారి గొంతుతో నాన్నగారిని, నాన్నగారి గొంతుతో పంతులుగారిని పిలిచాను. పప్పుచారు మీద పద్యం చెప్పాను. లూనా మీద కూర్చోబెట్టుకుని బ్యారేజీ మీద పోతూ, గేట్లన్నీ ఎత్తేది నేను హారన్ కొడితేనే అని నమ్మించబోయాను. నీకు తెలుసు కదా, నా సరుకు అంత తీసిపారేసేది కాదు. ప్రెస్సులో కంపోజిటర్లు నన్ను చూస్తేనే నవ్వుతారు. ఈవిడ మాత్రం తల పక్కకి తిప్పుకుంటుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది, "ఆయ్, బాగుందండి" అంటుంది, లేచి పెరట్లోకి వెళ్ళిపోతుంది. తాసిల్దారు గారి ముందు అర్జీ పెట్టుకున్న మనిషిలాగ. పెరట్లోంచి తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉంటాయి.

ఏడుస్తోంది అక్కా. వెళ్ళి ఏడ్చి వస్తోంది. ఇంకేమనుకోను?

పుస్తకం చూపిస్తే అయినా అనుకున్నాను. పేజీలన్నీ ఆవిడ ఒళ్ళో పెట్టి ఎదురుగా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. గంగాభవాని ఏరు చూసి మూర్ఛపోతుంది, పొట్లవీరుడు దాన్ని భుజాన వేసుకుని ఏట్లోకి దిగుతాడు, నడిమధ్యలో అది ఒక కన్ను తెరిచి "నీకు ఈత వచ్చా?" అంటుంది, వాడు "రాదు" అంటాడు, అది మళ్ళీ మూర్ఛపోతుంది. ఆ పేజీ మీద నా పరువంతా పెట్టుకుని ఉన్నాను. పావని ఆ పేజీ చూసింది. పెదాలు బిగించింది. పేజీలన్నీ సర్ది, అంచులు సమానంగా తట్టి, నా చేతికిచ్చింది. "బొమ్మలు శుభ్రంగా ఉన్నాయండి" అని చెప్పి పెరట్లోకి పోయింది.

శుభ్రంగా ఉన్నాయట. గిన్నెలు తోమినవాడితో అనే మాట.

వెళ్ళేటప్పుడు మాత్రం, "ఆ బొమ్మల జిరాక్సు కాయితాలు తీసుకెళ్ళనాండి?" అంది. ఎందుకన్నాను. "ఊరికేనండి" అంది. పెట్టె అడుగున వేసుకుని తీసుకెళ్ళింది, ఊళ్ళో చూపించి, ఎలాంటివాడికి కట్టబెట్టారో చూడండని వాళ్ళమ్మతో చెప్పడానికి కాకపోతే ఎందుకు?

అందుకే గెలలు. ఒక మనిషిని, ఒకే ఒక్క మనిషిని, ఒకే ఇంట్లో పెట్టుకుని నవ్వించలేనివాడు ఊళ్ళో పిల్లల్ని నవ్విస్తానని పుస్తకం వేయడం మోసం. ఆవిడకి కావలసింది కుదురైన మొగుడు. మావయ్యగారిలా గెల తిప్పి రకం చెప్పేవాడు. నేను కుదురుగా ఉండడం నేర్చుకుంటాను. ఆదివారాలు మీసం కూడా పెంచుతాను.

ఈ ఉత్తరంలో జోకులు తక్కువైనందుకు క్షమించు. సరుకు అయిపోయింది.

నీ తమ్ముడు,
గణేషు.


ధవళేశ్వరం,
15 జూలై 1998.

అక్కగారికి,

నువ్వు ఈసారి కవరు పెట్టి అతికించి పంపినందుకు అప్పాజీ నొచ్చుకున్నాడు. విప్పి చూస్తే లోపల ఉన్నది రెండు వాక్యాలు. "ఆదివారం ఆత్రేయపురం వెళ్ళు. గడప తొక్కకు." దీనికి మూడు రూపాయల కవరు ఎందుకే? తమ్ముడు గుండె కోసి పళ్ళెంలో పెట్టి పంపిస్తే అక్క అన్నది బస్ కండక్టరు మాట.

సరే, వెళ్తాను. ఎలాగూ మావయ్యగారికి నా ఒప్పుదల మొహం మీదే చెప్పాలి, అది మర్యాద. సంపూర్ణమ్మ గారికి 'పంపలేకపోతున్నాను' అని జాబు కూడా రాసి ఉంచాను, తిరిగొచ్చాక డబ్బాలో వేస్తాను. నాన్నగారికి చెప్పాను. ఆయన ట్రేసింగ్ పెన్ను తుడుచుకుంటూ, "ఆ గేదె కొమ్ములు మట్టుకు బాగా వచ్చాయిరా" అన్నారు. నేను పుట్టాక ఆయన నా గురించి మాట్లాడిన మాటల్లో అదే పెద్దది.

భయంగా ఉంది. ఎందుకో అడక్కు.

గణేష్‌బాబు.


ధవళేశ్వరం,
22 జూలై 1998, బుధవారం.

కుట్రదారుల శిరోమణి, మాయల మహారాణి, నా తోడబుట్టిన శత్రువు సత్యకుమారికి,

కూర్చుని చదువు. మంచినీళ్ళు పక్కన పెట్టుకో. ఇది నీ మీద నేరారోపణ పత్రం.

ఆదివారం మధ్యాహ్నం ఆత్రేయపురం చేరేసరికి ఏకధారగా వాన. లూనా, నేనూ, మా ఇద్దరి ఆత్మాభిమానం, మూడూ తడిసిపోయాయి. మావయ్యగారు గొడుగేసుకుని వీధిలోకి వచ్చారు గానీ, గేటు దగ్గర ఆగిపోయారు. "అల్లుడుగారూ, గేటు కూడా గడపేనంటారా?" అన్నారు. నాకేం తెలుసు, బీకాంలో చెప్పలేదు. పక్కింటాయన గేటు గడపే అన్నాడు. ఎదురింటాయన కాదన్నాడు. నేను వీధిలో నిలబడి, నీళ్ళు కారుతూ, తీర్పు కోసం చూస్తున్నాను. ఆఖరికి చిన్నమ్మాయి గారిని పిలుచుకొచ్చారు. పేరు చిన్నమ్మాయి, వయసు డెబ్భై దాటింది, మావయ్యగారి మేనత్త. ఆవిడ గేటుని ఎగాదిగా చూసి, "పసుపు రాసేదే గడపరా. గేటుకి ఎవడైనా పసుపు రాస్తాడా? అరుక్కి రాస్తామా? రానీ, అరుగు మీద కూకోబెట్టు. పిల్లోడు ముద్దయిపోతున్నాడు" అంది. సుప్రీంకోర్టు కూడా అంత తొందరగా తేల్చదు.

అరుగు మీద మడత మంచం వేశారు. మావయ్యగారు తువ్వాలు తేవడానికి లోపలికెళ్ళారు. నేను ఒప్పుదల మాటలు లోలోపల వల్లించుకుంటున్నాను. 'మావయ్యగారూ, మీరు చెప్పిన విషయం ఆలోచించానండి...'

అరుగుని ఆనుకుని ఒక గది ఉంది. అత్తయ్యగారు ఆడవాళ్ళని పెట్టుకుని పూతరేకులు తీయించే గది అది. బోర్లించిన కుండ మీద తడిపిన గుడ్డ అలా లాగితే ఉల్లిపొర కన్నా పల్చగా రేకు లేస్తుంది. ఊపిరి గట్టిగా వదిలితే చాలు, చిరుగుతుంది. అందుకని తలుపూ కిటికీ బిగించుకుని పని చేస్తారు. పెంకుల మీద వాన మోత, లోపల మంట చప్పుడు. నేను వచ్చిన సంగతి లోపలివాళ్ళకి తెలియదు.

ఒక ఆడగొంతు గట్టిగా చదువుతోంది. "మహారాజా, తమ తుమ్ము ఉత్తరదిక్కున ఉన్నదని కొంగ చెప్పినది. కావున మేము దక్షిణానికి పోతున్నాము." నా కథ. నా బుడగ. నా కొంగ. ఆ గొంతు నేను ఎప్పుడూ వినని గొంతు, అంటే 'ఆయ్, బాగుందండి' కన్నా ఎక్కువ మాటలు పలకగా వినని గొంతు.

తర్వాత ఒక చప్పుడు వచ్చింది. ముందు సన్నగా, కెటిల్లోంచి ఆవిరి వచ్చినట్టు. తర్వాత డీజిల్ ఇంజను తాడు లాగినట్టు గడగడగడ. ఆఖర్న, ఏం చెప్పను, గురకలాంటి ఒక్క లాగు. ఆ వెంటనే అత్తయ్యగారి కేక: "ఓసి నీ నవ్వు తగలెయ్యా, రేకులన్నీ లేచిపోతన్నాయే. పొద్దున్నించీ తీసినవి. పెరట్లోకి పోయి నవ్వు." ఇంకెవరో ఆడమనిషి: "పోతే పోయేయి అమ్మగారూ, ఆ కొంగ మాట మళ్ళీ సదవండి పావనమ్మా." మళ్ళీ ఇంజను స్టార్టయింది.

అక్కా, ఆ చప్పుడు నాకు తెలుసు. జూన్‌లో ఆవిడ వెళ్ళేదాకా మన పెరట్లోంచి విన్నాను. పక్కింటివాళ్ళ నీళ్ళ మోటారు అనుకున్నాను. నాన్నగారు ఒకసారి బేరింగులు పోయినట్టున్నాయని కూడా అన్నారు.

మావయ్యగారు తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు, దొంగ దొరికినట్టు మొహం పెట్టుకుని. "మా అమ్మాయేనండి" అన్నారు. "చిన్నప్పట్నించీ అంతేనండి. బళ్ళో మాస్టారు బయట కూకోబెట్టేవోరు. పెళ్ళిచూపుల్లో నవ్వద్దని నేనే చేతులు పట్టుకు బతిమాలేనండి. మీరు చూస్తే ఒప్పుకోరేమోనని."

"మరి పెళ్ళయ్యాకండి?"

"అది నేను కాదండి బాబూ. అదేదో మీవైపు సంగతంట."

మీవైపు సంగతి. విన్నావా?

లేచి కిటికీ తట్టాను. కొంచెం తెరుచుకుంది. పావని. జుట్టునిండా రేకుల ముక్కలు, చేతిలో నా కాయితాలు, నెయ్యి మరకలతో. నన్ను చూడగానే మొహం బిగించుకుని, కొంగు నోట్లో కుక్కుకుని పక్కకి తిరిగింది. అలవాటు.

నేను జోకు వెయ్యలేదు. వెయ్యడానికి ఏదీ దొరకలేదు. "పావనీ, నేనంటే నీకు ఇష్టం లేదనుకున్నాను" అన్నాను. "నువ్వు పెరట్లోకి వెళ్ళి ఏడుస్తున్నావనుకున్నాను. అందుకని బొమ్మలు మానేసి గెలలు అమ్ముదామని వచ్చాను."

కొంగు నోట్లోంచి జారిపోయింది. "ఏడవడమేంటండి? కడుపు పగిలిపోయేదండి. నూతిగట్టు పట్టుకుని నవ్వేదాన్నండి" అంది. "వదినగారికి ఒట్టేశానండి. ఆషాఢం ఎళ్ళేదాకా నవ్వనని."

ఇప్పుడు నీ మాటలు నీకే అప్పజెబుతున్నాను, పావని నోట విన్నవి. పెళ్ళిరోజు జడ వేస్తూ అన్నావట: "మా తమ్ముడు నవ్విస్తాడమ్మా. నువ్వు నవ్వుతావు. నవ్వితే ఇంకా నవ్విస్తాడు. అలాగే ఇద్దరూ ముసలాళ్ళయిపోతారు, వాడి కడుపులో ఏముందో నీకు తెలీదు. అమ్మ పోయినప్పుడు వాడు ఏడవలేదు. పదకొండోరోజున పంతులుగారిలాగ వేషం కట్టి మమ్మల్ని నవ్వించాడు. ఎనిమిదేళ్ళ పిల్లాడు. మేం నవ్వేశాం. అప్పట్నించీ వాడికి వేరే దారి తెలీలేదు. నువ్వు కొన్నాళ్ళు బిగబట్టు. వాడే విసిగి ఒకరోజు మామూలు మనిషిలా మాట్లాడతాడు. అప్పుడు నీ ఇష్టమొచ్చినంత నవ్వు."

ఆ పిల్ల ఎంత నవ్వాపుకుందో తెలుసా నీకు? పప్పుచారు పద్యానికి నాలిక కొరుక్కుందట. నాలిక చూపించింది కూడా, కిటికీ ఊచల్లోంచి. నువ్వు ఖరగ్‌పూర్‌లో కాళ్ళు చాపుకుని, నా ఉత్తరాలు చదువుకుంటూ, రెండు ముక్కల కవరు పంపించి ఊరుకున్నావు. నాకు చెప్పాల్సినవన్నీ నీ కడుపులో ఉంచుకుని. అయినా ఒట్టు ప్రకారం ఆషాఢం ఇంకా వెళ్ళలేదని పావని భయపడింది. చిన్నమ్మాయి గారినే అడిగాం. "కిటికీలోంచి నవ్వితే తప్పులేదు, కిటికీకి పసుపు రాయం" అని తేల్చిచెప్పింది.

తర్వాత మావయ్యగారితో చెప్పాను. "వ్యాపారంలోకి రాలేనండి. ఏమీ అనుకోకండి" అన్నాను. ఆయన కూర్చున్నచోటే వెనక్కి వాలి, ఊపిరి ఒక్కసారిగా వదిలారు. ఆ గదిలో అయితే ఓ వంద రేకులు చిరిగేవి.

"ఎంత మంచిమాట చెప్పేరండి అల్లుడుగారూ. నోరు తెరిచి అడిగేశాను గానీ, ఆ రోజునించీ నాకు కంటిమీద కునుకు లేదండి. ఆ ముగ్గురు రైతులూ ఇంకా ఎదురు కొట్టుకే వెళ్తన్నారండి. మీరు బొమ్మలేసుకోండి. శుభ్రంగా ఉన్నాయి."

'శుభ్రంగా' అన్నది ఆ ఇంట్లో గొప్ప మెప్పని అప్పుడు తెలిసింది. అత్తయ్యగారు మంచి రేకులు వచ్చినప్పుడూ ఆ మాటే అంటారట.

వెళ్ళబోతూ కిటికీ దగ్గర పావనిని అడిగాను, రాజుగారి తుమ్ము ఎలా తెప్పించాలో తెలియక ఆగిపోయాను, నీకేమైనా తోచిందా అని. ఆవిడ ఆలోచించనుకూడా లేదు. "ఎవరూ తేనక్కర్లేదండి. ఎక్కిళ్ళు చూడండి, కనిపెట్టుకుని కూచుంటే పోవు. పొట్లవీరుడు ఉత్తచేతుల్తో వచ్చి, దారిలో పడ్డ పాట్లన్నీ సభలో చెప్తాడండి. అందరూ రాజుగారి ముక్కు సంగతి మర్చిపోయి వాడి కథ వింటారు. రాజుగారు కూడా. అప్పుడు వచ్చేస్తుందండి" అంది. "వస్తే ఎలా ఉండాలి?" అన్నాను. "మన పూతరేకుల గదిలో వచ్చినట్టుండాలండి" అని మళ్ళీ మొదలుపెట్టింది. వాన వెలిసిన వీధిలో రెండిళ్ళ అవతల కుక్క మొరిగింది ఆ చప్పుడికి.

ఆదివారం వచ్చిన దగ్గర్నించి గీస్తూనే ఉన్నాను. ప్రెస్సుకి సెలవు పెట్టాను, వినాయకుడు ఏమీ అనుకోడు. రాజుగారి తుమ్ముకి సింహాసనాలు లేచిపోతాయి, మంత్రిగారి తలపాగా పక్క రాజ్యంలో పడుతుంది, పెళ్ళికొడుకు చేతిలోని తాళి సరిగ్గా పెళ్ళికూతురి మెడలో పడుతుంది. నాలుగు పేజీలకీ అంచుల గీతలు నాన్నగారు కట్టారు, నేను అడగకుండానే. ఒక్క గీత వణకలేదు. నిన్న సాయంత్రం మొత్తం కట్ట రాజమండ్రి పెద్ద పోస్టాఫీసులో సంపూర్ణమ్మ గారి పేర రిజిస్టర్ చేసి వచ్చాను. రాసి ఉంచిన ఆ 'పంపలేకపోతున్నాను' జాబుని తిరగేసి, వెనక తెల్లగా ఉన్నవైపు చాకలిపద్దు రాసుకున్నాం. మొదటి పేజీలో 'కథ ముగింపు: పావని' అని వేయమని సంపూర్ణమ్మ గారికి రాశాను. ఆవిడ వేస్తారో వేయరో, పుస్తకం ఎలా వస్తుందో, ఎందరు కొంటారో నాకు తెలియదు. తెలియకపోయినా నిన్న రాత్రి మొద్దులా నిద్రపోయాను.

రేపటితో ఆషాఢం సరి. ఎల్లుండి శ్రావణ శుక్రవారం, మొదటి బస్సుకి వెళ్ళి పావనిని తీసుకొస్తున్నాను. ముందే చెప్తున్నాను, వచ్చే నెల నువ్వు వస్తే మన ఇంట్లో చెవులు మూసుకోవాలి.

అక్కా, నీ మీద కోపం లేదు. ఉందని ఒక పేజీ రాద్దామనుకున్నాను, రావడం లేదు. అమ్మ పోయినప్పుడు నేను ఏడవలేదని నువ్వు ఇన్నేళ్ళూ గుర్తుపెట్టుకున్నావని నాకు తెలియదు. ఏడ్చాను అక్కా. పంతులుగారి కండువా తీసుకుని దొడ్లో గడ్డిమేటు వెనక్కి వెళ్ళి ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని వచ్చి వేషం కట్టాను. ఎవరికీ చెప్పలేదు. పావనికి ఎల్లుండి చెప్తాను. నీకు ఇప్పుడు చెప్పాను.

నీ తమ్ముడు,
గణేషు.